పుత్తూరు సంతలో పొదిగే పెట్ట కోసం

మా నాయన దగ్గర మిగిలిన ఒకే ఒక్క నాటు పెట్టను వీధికుక్క పట్టుకుపోయింది. అది పెట్టిన ఏడు గుడ్లు మాత్రం బియ్యం డబ్బాలో ఉన్నాయి. మొదటి గుడ్డుకు అప్పటికే ఎనిమిది రోజులు. ఇంకో రెండు రోజులు దాటితే పొదిగించినా పిల్లలు రావడం కష్టం. తాత కాలం నుంచి వస్తున్న జాతి ఆ గుడ్లతోనే ఆగిపోతుందని నాయన సరిగ్గా తినడం కూడా మానేశాడు. పోయినేడు తిరుపతిలో నేను కొన్న ఎర్రపెట్ట అచ్చం నాటుకోడిలాగే ఉండేది. వరసగా గుడ్లు పెట్టింది కానీ, ఒక్కరోజూ వాటి మీద కూర్చోలేదు. ఫారం జాతి కలిసిన కోళ్లకు పొదిగే బుద్ధి పెద్దగా ఉండదని అప్పుడు తెలిసింది. అందుకే ఈసారి బయల్దేరుతుంటే భయమేసింది.

సంత రోజు ఉదయం ఆరున్నరకు తిరుపతిలో పుత్తూరు బస్సెక్కాను. సుమారు గంట ప్రయాణం, ఛార్జీ వంద లోపే. ఎండెక్కకముందే సంతకు చేరుకోవడం మంచిది. సన్నటి కాళ్లు, తేలికైన ఒళ్లు, పట్టుకోబోతే ఎగిరిపోయే చురుకు అని నాయన చెప్పిన గుర్తులు వల్లె వేసుకుంటూ తిరిగాను. ప్రతి గంపలోనూ అవే కనిపించాయి. అడిగిన ప్రతివాళ్లూ అసలు నాటుదేనన్నారు. నాలుగు గంపలు చూసేసరికి నా కళ్ల మీద నాకే నమ్మకం పోయింది.

చివరి గంప దగ్గర మునెమ్మ అనే పెద్దావిడ ఏం వెతుకుతున్నావని అడిగితే సంగతంతా చెప్పాను.

"ఇవి నాటువే అప్పా. అయితే పొదుగు మీదుండే పెట్టను ఎవురన్నా సంతకు తెస్తారా? అది ఇంటికాడ కూసోనుండాది" అంది.

నిన్ననే పొదుగుకొచ్చిందట, దాని కింద ఇంకా గుడ్లు సర్దలేదట. దాన్నే అమ్మమన్నాను. చోటు మారిస్తే లేచిపోతుంది, ఎంతిచ్చినా అమ్మనంది. నా మొహం చూసి జాలిపడిందేమో, "గుడ్లే తీసకరా. పిల్లల్లో సగం నాకు" అంది.

పరుగున ఇంటికెళ్లాను. నాయన గుడ్లను ఊకలో సర్ది బుట్ట నా చేతికిచ్చాడు. మధ్యాహ్నం మళ్లీ అదే దారి. పక్క సీట్లో చెయ్యి విరిగి పుత్తూరుకు కట్టు కట్టించుకోవడానికి వెళ్తున్న ఆయన. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఆయన చేతిని, నేను బుట్టను పట్టుకునేవాళ్లం. "నీకేం విరిగిందప్పా?" అన్నాడు. ఇంకా ఏమీ విరగలేదన్నాను.

బస్టాండు నుంచి మునెమ్మ ఊరికి ఆటోలో పది నిమిషాలు. పెట్టను చూసి నీరుగారిపోయాను. రంగు వెలిసి, తోక ఈకలు ఊడి ఉంది. సంతలో అయితే దానివైపు చూసేవాణ్ణి కూడా కాదు. గుడ్డు దగ్గర పెట్టబోతే రక్తం వచ్చేలా పొడిచింది. తర్వాత ఏడింటినీ ఒక్కొక్కటే ముక్కుతో పొట్ట కిందికి లాక్కుంది. అయినా బస్సు కుదుపులకు లోపల ఏమైందోనని ఇరవై రోజులు నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు.

ఇరవై ఒకటో రోజు సాయంత్రం మునెమ్మ ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా దాన్ని గంప దగ్గర పెట్టింది. కిచకిచలు. నాయన ఫోన్ చెవికి ఆనించుకుని విన్నాడు, ఎన్ని అని కూడా అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. కోళ్ల రంగులు, కాళ్లు చూస్తూ ఇన్నాళ్లూ ఎంత పొరపాటు పడ్డానో అప్పుడర్థమైంది. మీరూ నాటు పెట్ట కోసం వెళ్తే ఒక్క మాట: సంతలో బేరం ముగించేయకండి, అమ్మేవాళ్ల ఇంటిదాకా వెళ్లండి. ఏ పెట్టను అమ్మనంటారో దాన్ని చూడండి.