భివండి హీరో మీద నా పంతం

ఆ రోజుల్లో సూరత్‌లోని మా తెలుగు నేతవాళ్ల పేట లింబాయత్‌లో ఆడపిల్ల చేతికి మరమగ్గం అప్పగించడానికి ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. వీడియో గేమ్ దగ్గరికి వెళితేనే కొంపలు అంటుకునేవి. మా నాన్న ఖాతాలో (అక్కడ మగ్గాల షెడ్డును అలాగే అంటాం) మగ్గాలు నడిపేవాడు. మధ్యాహ్నం నేను టిఫిన్ తీసుకుపోయి, ఆయన అన్నం తినేంతసేపు వాటిని చూసుకునేదాన్ని. మగ్గం చప్పుడు ఆగిందంటే అటూ ఇటూ తిరిగే నాడెలో కండెకు చుట్టిన నూలు అయిపోయినట్టు. వెంటనే నిండు కండె ఉన్న నాడె పెట్టి, హ్యాండిల్ ఎడమకు గుంజి మళ్లీ నడిపించాలి. నా చెవీ, ఎడమ చేయీ నన్ను అడగకుండానే ఆ పని చేసేసేవి. అప్పుడు "శభాష్ బిడ్డా" అన్నవాళ్లే, అదే చేత్తో జాయ్‌స్టిక్ పట్టుకుంటానంటే ముక్కు మీద వేలేసుకున్నారు. నాకు ఒళ్లు మండదా మరి?

తొంభైల చివర్లో మా గల్లీలో కాకా నడిపే వీడియో గేముల దుకాణానికి కొత్త ఫైటింగ్ మిషను వచ్చింది. అంతకుముందు ఆటల్లో వీధి పహిల్వాన్లు పహిల్వాన్లతోనే తన్నుకునేవారు, బొమ్మల పుస్తకాల్లోని ఎగిరే వీరులు వాళ్లలో వాళ్లే కొట్టుకునేవారు. ఇందులో మాత్రం పెళ్లి పందిట్లో ఆడపెళ్లివారూ మగపెళ్లివారూ కలబడ్డట్టు అందరూ ఒకే తెర మీద! మనం ఇద్దరు ఆటగాళ్లను ఎంచుకోవాలి. ఒకడు కొట్లాడుతుంటే రెండోవాడు వెనక కూర్చుని బలం పుంజుకుంటాడు, బటన్ నొక్కగానే ఎగిరొచ్చి దిగుతాడు. ఎదుటివాణ్ణి గాల్లోకి తన్ని, వాడు కింద పడకముందే మనమూ ఎగిరి గుద్దుతూనే ఉండొచ్చు. ఇక తెర అడుగున ఉన్న శక్తి గీత నిండిందా, బొమ్మంతా ఒక్క క్షణం బిగుసుకుపోతుంది, చప్పుడు ఆగిపోతుంది, ఆ వెంటనే కళ్లు బైర్లు కమ్మే వెలుగుతో మహా దెబ్బ. చూసిన రోజే నాకు పిచ్చెక్కింది.

కాకా గుజరాతీ ఆయనే గానీ మా మధ్య ఉండి ఉండి ఒక రకం తెలుగు పట్టుకున్నాడు. "బేటీ, గీ గేమ్ ఛోక్రాలది. నువ్ కార్ గేమ్ ఆడు" అన్నాడు. "కార్ నడుపుకుంట యాడికి పోవాలె కాకా? నాకు గిదే కావాలె" అన్నాను. మిషను ముందున్నవాడు మెల్లగా వెనక్కి తిరిగాడు. అతడే భివండి హీరో. మహారాష్ట్రలోని మగ్గాల ఊరు భివండి నుంచి మేనమామ ఇంటికి వచ్చిన మా తెలుగువాడే, ఎత్తిన కాలరు, ప్రతి మాటకూ ముందు "మా భివండీల" అనే తోక. (తోక ముందుండటమేమిటంటారా? అతడి సంగతి అంతే.) అక్కడి పిల్లలంతా అతడి చేతిలో ఓడినవాళ్లే, అందుకే అతడికి భజన చేసేవాళ్లు.

"మా భివండీల ఆడివిల్లలు దుకాన్ దిక్కు గూడ సూడరు. ఇంటికి వోయి బాబిన్లు సుట్టుకో" అన్నాడు.

"గా భివండీకే పో. ఈడ మాత్రం నేను ఆడుత."

"గట్లనా? జర నాతోని ఆడు మరి. ఓడితివా, మల్ల ఈ గడప తొక్కొద్దు."

"గెలిస్తే?" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. "గెలిస్తే నా ఇష్టమొచ్చినప్పుడు వస్త, ఆడుత. ఒక్కడు కిక్కురుమనొద్దు. కాకా, నువ్వే సాక్షి."

కాకా బుర్ర గోక్కుని "ఠీక్ ఛే" అన్నాడు. నోరు అంత లేచింది గానీ, నిజం చెప్పొద్దూ, ఆ ఆట నేను చూడటమే తప్ప ఆడింది లేదు. ఓడితే దుకాణమే కాదు, ఆ గల్లీలో తలెత్తుకు తిరగడం కూడా పోతుంది.

నేను ఎడమవైపు నిలబడ్డాను (వ్యూహమేమీ కాదు, కుడివైపు అంతా అతడే ఆక్రమించాడు). ఆట మొదలవగానే నా పహిల్వాన్ను బట్టలు ఉతికినట్టు ఉతికాడు. అతడి గీత నిండింది. "ఇగ సూడు!" అంటూ బటన్లు నొక్కాడు. తెర బిగుసుకుపోయింది. చప్పుడు ఆగింది. చప్పుడు ఆగిందంటే నా చెవికి ఒకటే అర్థం: మగ్గం ఆగింది! నా ఎడమ చేయి హ్యాండిల్‌ను గభాలున ఎడమకు గుంజేసింది. ఆ ఆటలో ఎదుటివాడికి దూరంగా గుంజితే దెబ్బ కాచుకోవడమట, నాకేం తెలుసు? వెలుగంతా వెళ్లిపోయాక చూస్తే, నా పహిల్వాన్ చేతులు అడ్డం పెట్టుకుని నిక్షేపంగా నిలబడి ఉన్నాడు.

"ఏయ్, గిదెట్ల ఆపింది?" అని భివండి హీరో మళ్లీ గీత నింపాడు. మళ్లీ నిశ్శబ్దం, మళ్లీ నా గుంజుడు. అతడి నుదుటన చెమట పట్టింది. "నీకు ఎవలు నేర్పిండ్రే?" అన్నాడు.

"మా నాయిన" అన్నాను. అబద్ధం కాదుగా!

అతడి ఆటగాడు నీరసపడ్డాడు. "మార్సన్నా, మార్సు" అని పిల్లలు మొత్తుకుంటుంటే "మొగోడు నడుమ మారుతడార?" అని మీసం లేని మూతి మీద చేయి వేశాడు. పగటి పాలీ, రాత్రి పాలీ అంటూ షిఫ్టుల్లో మనుషులు మారుతుంటేనే మగ్గం నడిచే ఇంట్లో పుట్టినదాన్ని, నాకెందుకు సిగ్గు? అలిసినవాణ్ణి కూర్చోబెట్టి రెండోవాణ్ణి దింపాను. గాల్లోకి తన్ని, ఎగిరి, దొరికిన బటన్నల్లా నొక్కేశాను. అతడి మొదటివాడు పడ్డాడు, కాసేపటికి రెండోవాడూ పడ్డాడు. నేను వేసిన కేక మగ్గాల హోరు మీద అరవడం అలవాటైన గొంతు కేక. పక్క పాన్ డబ్బా వాళ్లు కూడా పరిగెత్తుకొచ్చారు.

తర్వాతి ఆదివారం దర్జాగా వెళ్లాను. మాట ప్రకారం ఒక్కరూ కిక్కురుమనలేదు. కానీ రెండో జాయ్‌స్టిక్ దగ్గరికి కూడా ఒక్కరూ రాలేదు. ఆడపిల్ల చేతిలో ఓడాడన్న పేరు ఎవడికి కావాలి? భివండి హీరోకు ఉన్నట్టుండి భివండీలో పని గుర్తొచ్చింది. తక్కినవాళ్లు "నువ్వాడు అక్కా" అని మర్యాదగా కార్ గేమ్ దగ్గరికి జరిగారు. ఇంకొకరైతే మానేసేవాళ్లేమో. నేనా? ఆదివారం తప్పకుండా వెళ్లి, గడ్డం పైకెత్తి, ఒంటరిగా ఆ మిషనుతోనే తన్నులాడేదాన్ని. మహా విసుగ్గా ఉండేది. అయినా నా హక్కు, వదులుతానా!

ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల మొండితనానికి నవ్వొస్తుంది, ముద్దూ వస్తుంది. మానేయవలసిందని మాత్రం ఈరోజుకీ అనిపించదు. ఒక్కటే కోరిక: ఆ దుకాణంలోకి వెళ్లి, ఆ పిల్ల పక్కన ఖాళీగా ఉన్న కుడివైపు నిలబడి, ఒక రూపాయి బిళ్ల వేసి, "జర జరుగే పోరీ, నేనాడుత నీతోని" అనాలని.