వెండికొంగ ఓడలో చచ్చినవాళ్ళ చొక్కాలు

"ఆ దుప్పటి పాప ఒంటికి తగిలిందా? నిజం చెప్పు జొజీనా. తగిలితే పిల్ల మనకు దక్కదేమో!"

నా భార్య ఉయ్యాల పక్కన నిలబడి నన్ను వింతగా చూసింది. దుప్పటి ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది. తెల్లటి మెత్తటి ఉన్ని, అంచున నీలం చార. మా అత్తగారు మనవరాలి కోసం అప్పుడే తెచ్చి ఇచ్చి వెళ్ళింది.

"ఏమైంది మీకు? పిల్ల చలికి వణుకుతోందని అమ్మ ప్రేమగా తెచ్చింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిందట. ఉప్పునీళ్ళలో నానింది, ఎండలో ఆరింది. ఇంకా ఏం ఉంటుంది అందులో?"

"తగిలిందా?"

"కాళ్ళ మీద ఒక్క క్షణం కప్పాను. అంతే."

నా వెనక వంటింటి గుమ్మంలో నిలబడ్డ క్రైన్ విస్సె ఆ దుప్పటిని చూశాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తాడు. అతను కక్కుతున్న చప్పుడు మాకు వినిపించింది.

ఆ దుప్పటి ఏ ఓడదో, దాని కింద ఎవరు పడుకునేవారో మా ఊళ్ళో అతనొక్కడికే తెలుసు.

క్రైన్‌ది ఫీరె అనే రేవుపట్నం. వాళ్ళమ్మ డబ్బున్న ఇళ్ళ బట్టలూ, సత్రాల పక్కదుప్పట్లూ ఉతికి అతన్ని పెంచింది. పెద్దమనుషులు బయటికి ఎంత తెల్లగా కనిపించినా, వారం తర్వాత వాళ్ళ బట్టలు మూటలో ఎలా వస్తాయో అతను పసితనంలోనే చూశాడు. ఆ మూటలు విప్పేటప్పుడు ముక్కు మూసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడట. "ఇంత సున్నితమైతే ఎలా బతుకుతావురా నువ్వు?" అని తల్లి నవ్వుతూనే బట్టల్ని బూడిదనీళ్ళ కాగులో ముంచేదట. తల్లి పోయాక తెరచాపలు కుట్టడం నేర్చుకున్నాడు. నలభై దగ్గర పడుతుండగా, తూర్పు దీవుల్లోని బటావియాకు బయల్దేరే 'వెండికొంగ' ఓడలో తెరచాపల మరమ్మతుకు కుదిరాడు.

ఓడలో ఒక్కో బల్లకు ఏడుగురు. అందరికీ కలిపి ఒకటే చెక్కగంగాళం. బార్లీ జావ అందులోంచే తినాలి. నోట్లో పెట్టుకున్న చెంచా మళ్ళీ గంగాళంలోకే పోతుంది. క్రైన్ మొదటి రోజే చెక్క తొలిచి తనకో గిన్నె చేసుకున్నాడు.

"చూశార్రా! రాణీగారికి వేరే పళ్ళెం కావాలట!" అన్నాడు పక్కన కూర్చునే లీవెన్.

"పక్కనే చెలికత్తెను కూడా పెట్టండి, చలికి పాదాలు పిసుకుతుంది," అన్నాడు ఇంకొకడు.

ఏడిపించినవాడే స్నేహితుడయ్యాడు. లీవెన్‌కు ఇరవై దాటలేదు. పొలం పని వదిలి వచ్చాడు. వెచ్చటి బట్ట ఒక్కటీ లేదు.

ఓడలకు మనుషుల్ని కుదిర్చిపెట్టేవాళ్ళు నిరుపేదల్ని పోగుచేసి, బయల్దేరేదాకా నేలమాళిగల్లో కుక్కి ఉంచుతారు. వెండికొంగకు సగం మంది అక్కణ్ణుంచే వచ్చారు. వాళ్ళతోపాటు వాళ్ళ గడ్డిపరుపులూ, ఆ పరుపుల్లో, బట్టల కుట్లలో దాక్కునే చీరపేలూ వచ్చాయి. ఎదురుగాలికి ఓడ లంగరు మీదే చాలాకాలం ఆగిపోయింది. చలికి ఓడ కిటికీల మూతలూ, తలుపులూ అన్నీ బిగించారు. కింది అంతస్తులో మనుషుల ఊపిరి చెక్కల మీద నీరై కారేది. తడిగడ్డి కుళ్ళింది. పైకి వెళ్ళే ఓపిక లేనివాళ్ళు పడుకున్నచోటే అన్నీ కానిచ్చారు. తీరా గాలి తిరిగి సముద్రంలోకి వెళ్ళేసరికి జ్వరం మొదలైంది. ఒంటి నిండా ఎర్రటి మచ్చలు, మాటల్లో కలవరింత, తర్వాత చావు.

ఓడల్లో ఒక ఆచారం ఉంది. నావికుడు చస్తే మర్నాడు అతని పెట్టెను పెద్ద తెరచాప కొయ్య కిందికి తెచ్చి, అందులోని బట్టల్ని మిగతావాళ్ళకు వేలం వేస్తారు. వచ్చిన డబ్బు ఇంటికి పంపుతారు. వినడానికి ధర్మంగానే ఉంటుంది. కానీ వెండికొంగ మీద పెట్టెలోవే కాదు, ఒంటి మీదవి కూడా ఊడదీసి అమ్మారు. మచ్చలు పడ్డ ఆ ఒళ్ళు విడిచిన చెమట వాటిల్లో ఇంకా ఆరలేదు.

"ఇదిగో, మంచి ఉన్ని చొక్కా! పోయినవాడు రెండేసార్లు తొడిగాడు!" అని అరిచేవాడు నావికుల మీద పెత్తనం చేసే సరంగు.

"మూడోసారి?"

"మూడోసారి విప్పే ఓపిక లేకపోయింది పాపం!"

అందరూ పగలబడి నవ్వేవారట. ఈ మాట చెప్పేటప్పుడు క్రైన్ ఎప్పుడూ ఉమ్మేస్తాడు.

లీవెన్ ఆ చొక్కా కొన్నాడు.

"దాని కుట్లు చూడరా. కదులుతున్నాయి," అన్నాడు క్రైన్.

"కదిలితే మంచిదే. వాటి ఒంటి వేడి కూడా నాకే."

"ఒరేయ్, నీకు దణ్ణం పెడతాను. నా చొక్కా ఇస్తాను, అది పారెయ్."

"నీ చొక్కా తెరచాప గుడ్డ. దానికంటే చెక్కపలక కట్టుకోవడం మేలు."

లీవెన్ నిద్రపోతుండగా క్రైన్ ఆ చొక్కాను కర్రతో ఎత్తి సముద్రంలో పడేశాడు. దొంగతనం కింద సరంగు తాడుతో కొట్టాడు. లీవెన్ మాట్లాడటం మానేశాడు. తర్వాతి వేలంలో మోచెయ్యి చిరిగిన నీలిరంగు చొక్కా ఒకటి కొన్నాడు. అదే తెచ్చి క్రైన్ ఒళ్ళో వేశాడు.

"నీ మీద కోపం పోవాలంటే ఇది కుట్టిపెట్టు."

దాన్ని మరగబెట్టి ఇస్తానని క్రైన్ వంటవాడి దగ్గరికి వెళ్ళాడు. "నా పొయ్యి మీద జావ కాచాలా, చచ్చినవాళ్ళ చెమట కాచాలా? ఫో!" అని వాడు గరిటె ఎత్తాడు. చివరికి క్రైన్ చేతులు చాపి చొక్కాను దూరంగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, తెరచాప దారంతో మోచెయ్యి కుట్టి ఇచ్చాడు. తర్వాత పులిసిన ద్రాక్షసారా పోసుకుని చేతులు తోలు ఊడేలా రుద్దుకున్నాడు.

వారం తిరక్కుండానే లీవెన్ పోయాడు. నీలిచొక్కా మళ్ళీ వేలానికి వచ్చింది. ఎవరు కొన్నారో చూడకుండా క్రైన్ తల వంచుకుని సూది పట్టుకున్నాడు.

పని చేసేవాళ్ళు చాలక కెప్టెన్ ఓడను వెనక్కి తిప్పాడు. మా వాల్‌ఖెరెన్ దీవి తీరం కనిపిస్తుండగా వాయవ్యపు తుఫాను కొట్టింది. లంగరు వేశారు, దాని తాడు తెగింది. రెండో లంగరు దించడానికి ఎంత మంది కావాలో అంత మంది నిలబడగలిగినవాళ్ళు ఓడలో లేరు. తెరచాపలు చుట్టడానికి పైకెక్కే మనిషి లేడు. చినిగిన గుడ్డలతో ఓడ నేరుగా వచ్చి ఇసుకమేట ఎక్కింది. అలలు దాన్ని మేట మీదే విరిచాయి. క్రైన్ తనను తాను తెరచాప ముక్కతో ఒక కొయ్యదుంగకు కట్టుకుని ఒడ్డుకు చేరాడు. బతికినవాళ్ళు కొద్దిమందే.

ఊరి వైద్యుణ్ణి కాబట్టి నేను మందుల పెట్టె పట్టుకుని ఇసుకదిబ్బ దాటేసరికి ఊరంతా ఒడ్డునే ఉంది. ఒక్కడైనా ఎవరి నాడీ చూడటం లేదు. ఉబ్బిన కాళ్ళ నుంచి బూట్లు రాకపోతే కత్తితో కోస్తున్నారు. ఉంగరం రాకపోతే వేలు కోస్తున్నారు. ఆదివారం మా ముందు బైబిలు చదివే పెద్దమనిషి రెండు జతల బూట్లు మెడకు తగిలించుకుని మూడో జత లాగుతున్నాడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడసరుకు చట్టప్రకారం ప్రభువుది, అందుకే పీపాల్ని అధికారులు కాపలా కాస్తారు. చొక్కాల్ని ఎవరూ కాయరు.

క్రైన్ తడి తెరచాప చుట్టుకుని వణుకుతున్నాడు. ఒకావిడ జాలిపడి శవం మీది కోటు తెచ్చి భుజాల మీద కప్పింది. అతను దాన్ని విసిరికొట్టి అక్కడే కక్కాడు.

"చచ్చేవాడికి ఇంత పొగరా!" అంది ఆవిడ.

"వదిలెయ్ వదినా, చలికి మతి పోయింది," అన్నారెవరో.

"ఆ బట్టలు ఇళ్ళకు తీసుకెళ్ళకండి," అని అతను మళ్ళీ మళ్ళీ చెప్పాడు. ఊరు నవ్వుకుంటూ మూటలు కట్టుకుంది. నేను అతన్ని మా ఇంటికి తీసుకొచ్చాను. లేడెన్ విశ్వవిద్యాలయంలో నాకు నేర్పిన వైద్యం ప్రకారం జ్వరం చెడుగాలిలో ఉంటుంది. ఆ ప్రకారమే కిటికీలన్నీ తెరిచాను. అతను మాత్రం కాగూ, బూడిదా అడిగాడు. ఎందుకని అడిగితే, "కంపు కొడుతుంది బాబూ, అంతకన్నా నాకేం తెలీదు," అన్నాడు.

ఆదివారం చర్చిలో కీర్తన సగంలో ఉండగా క్రైన్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ముందు వరసలో గంట కొట్టే మరీనస్ నీలిచొక్కా వేసుకుని పాడుతున్నాడు. మోచెయ్యి మీద తెరచాప దారం కుట్లు.

"అది లీవెన్‌ది! విప్పు దాన్ని!" అని అరిచేశాడు.

బయటికొచ్చాక మరీనస్ నవ్వాడు. "నీకంత కావాలంటే అడగొచ్చుగా మావా. దేవుడి సన్నిధిలో కేకలెందుకు?"

పది పన్నెండు రోజుల్లో మరీనస్ పోయాడు. తర్వాత అతని భార్య. మామయ్యను సాగనంపడానికి వచ్చిన మేనల్లుడు అదే నీలిచొక్కా వేసుకొచ్చాడు! ఉన్నది మంచిదే కదా, వృథా ఎందుకన్నాడు. నాకు ఆ రోజు తిండి సయించలేదు. ఊరి మీద, ఆ పాడే నోళ్ళ మీద, లాక్కున్న బట్టలతో నిండిన ఆ శుభ్రమైన బీరువాల మీద పుట్టిన రోత ఈనాటికీ పూర్తిగా పోలేదు.

దుప్పటి మా ఇంటికి వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. క్రైన్ మూతి తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"అది ఓడ వైద్యుడిది బాబూ. ఇక లాభం లేదనుకున్నవాళ్ళకు కప్పేవాడు. ఒకడి మీంచి తీసి ఇంకొకడి మీద. అలాంటివి రెండు ఉండేవి."

జొజీనా చేతుల్లోంచి దుప్పటి జారిపోయింది. క్రైన్ దాన్ని పట్టకారుతో ఎత్తి కాగులో పడేశాడు. ఆమె కట్టుకున్న బట్టలూ, ఉయ్యాలలోవీ అందులోనే పోయాయి. పాపను తల నుంచి పాదాల దాకా కడిగాం. ఆ పొగ చూసి మా అత్తగారు పీటర్నెల్లా వెనక్కి వచ్చింది.

"అల్లుడూ! నా మనవరాలి దుప్పటిని పులుసులా ఉడికిస్తున్నావా?"

"అత్తయ్యా, రెండోది మీ దగ్గరుందా?"

"ఉంటే ఏం? దాన్నీ వండుతావా? నీ చదువు చూసి పిల్లనిచ్చాను, ముష్టివాడి మాట వింటావని తెలిస్తే ఇచ్చేదాన్ని కాదు!" అని మా గుమ్మం మీద ఉమ్మి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆ దుప్పటే కప్పుకుని పడుకుంది.

ఇక మాకు మిగిలింది ఎదురుచూడటమే. నేనూ జొజీనా వంతులేసుకుని మా పాప ఎల్సే నుదుటి మీద చెయ్యి పెట్టేవాళ్ళం. తుమ్మితే ఇద్దరం ఉయ్యాల దగ్గరికి పరుగెత్తేవాళ్ళం. బుగ్గ ఎర్రబడితే దీపం దగ్గరికి తీసుకెళ్ళి మచ్చల కోసం వెతికేవాణ్ణి. పళ్ళు వస్తున్న పిల్ల బుగ్గలు ఎర్రగా ఉంటాయని నాకు తెలుసు. తెలిసినా వెతికాను.

పాపకు ఏమీ కాలేదు. జ్వరం పీటర్నెల్లాకు వచ్చింది.

"అమ్మ దగ్గరికి వెళ్తాను," అంది జొజీనా.

"వెళ్తే పాప దగ్గరికి మళ్ళీ రాకు," అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు నాకు న్యాయంగానే తగిలింది.

వెళ్ళింది క్రైన్. ఆవిడ జుట్టు గొరిగి, పరుపు తగలబెట్టి, కట్టినవీ కప్పినవీ రోజూ కాగులో వేశాడు. మధ్యమధ్య పెరట్లోకి వచ్చి కక్కుకుని, నోరు కడుక్కుని, మళ్ళీ లోపలికి వెళ్ళేవాడు.

"నన్ను ముట్టుకోకురా ముష్టోడా!" అని అరిచేది ఆవిడ.

"నాకు మాత్రం సరదానా అమ్మగారూ? అటు తిరగండి."

పీటర్నెల్లా బతికింది. గుండుకు గుడ్డ కట్టుకుని, తన మంచి దుప్పటి పాడుచేశాడని ఇప్పటికీ వీధిలో అతన్ని తిడుతుంది. క్రైన్ ఇప్పుడు మా ఊరి చివర బట్టలు ఉడకబెట్టి బతుకుతున్నాడు. మగవాడు చేసే పనేనా అని నవ్వేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ మూటలు కూడా అతని దగ్గరికే వస్తాయి.

చీరపేలకూ జ్వరానికీ సంబంధం ఉందా, గాలిదేనా తప్పు, ఉప్పునీళ్ళు చేయని పని మరిగిన నీళ్ళు ఎలా చేశాయి? ఇవన్నీ నేను అతని కాగు పక్కన నిలబడి అడిగాను. తేలేదాకా ఒకరి కానుకను కాగులో వేసి వాళ్ళ మనసు ఎలా కష్టపెట్టడమని కూడా అడిగాను. అతను కర్రతో బట్టల్ని తిప్పుతూనే ఉన్నాడు.

"కారణం తర్వాత కనుక్కో బాబూ, నీకు చదువుంది. రోత పుడితే మాత్రం మొహమాటపడకు. ముందు కాగులో వెయ్యి. తిట్లు తర్వాత తినొచ్చు."

ఇప్పుడు జొజీనాకు మళ్ళీ నెలలు నిండాయి. చుట్టాలు పొత్తిగుడ్డలు తెస్తున్నారు. తీసుకుంటాను, కృతజ్ఞతలు చెబుతాను, వాళ్ళ కళ్ళముందే మరిగే నీళ్ళలో వేస్తాను.