మూడో కిటికీ కింద ఇటుక

"గుళ్లో అడుగుపెట్టగానే ఎడమ పక్క, మూడో కిటికీ కింద మా అమ్మ ఇటుక ఉంది." మా అమ్మ వెయ్యిసార్లు చెప్పిన మాట ఇది. ఉంగుటూరు దగ్గర కాలువ గట్టున మా చర్చి కట్టేటప్పుడు, చందా ఇచ్చుకోలేని కూలీల ఇళ్ల ఆడవాళ్లు ఇటుకలు కోసి ఇచ్చారట. ఒక్కొక్కరూ ఒక పచ్చి ఇటుక మీద అరచెయ్యి అద్ది, కాల్చాక గోడలో పెట్టించుకున్నారు. అమ్మమ్మ ఫోటో ఒక్కటి కూడా లేదు మాకు. ఉన్నదల్లా ఆ చెయ్యే.

మొన్న మా చర్చి పాస్టరు అయ్యగారు ఫోన్ చేశారు. "ఆదివారాలు జనం పట్టడం లేదండీ. దక్షిణం గోడ తీసేసి గుడి వెడల్పు చేస్తున్నాం. మీ ఇటుక ఏదో చూపిస్తే ముందే తీయించి ఇస్తామండీ. సోమవారానికి ఆ రాళ్లూ రప్పా ఆకివీడు చేపల చెరువు గట్టుకి వెళ్లిపోతాయి."

పరుగున వెళ్లాను. రోడ్డు వైపు వాకిట్లోంచి లోపలికి వెళ్తే ఎడమ పక్క దక్షిణం గోడే. గానుగ సున్నంతో కట్టిన రెండడుగుల మందం గోడ, దానికి అయిదు కమాను కిటికీలు. మేస్త్రిని పిలవబోతుంటే సంఘపెద్ద ఒకాయన అడ్డుపడ్డారు.

"ఏవండీ, మొదట్లో వాకిలి కాలువ వైపు కదండీ! అందరూ పడవల్లో వచ్చేవారు. రోడ్డు పడ్డాక బలిపీఠాన్ని అటు మార్చి, ఇటు తలుపు పెట్టారు."

అలాగైతే ఎడమ అంటే ఉత్తరం గోడ. అమ్మ చెప్పింది తను చూసిన ఎడమా, అమ్మమ్మ నోట విన్న ఎడమా? వాకిలి ఎప్పుడు మారిందని అడిగితే, మా అమ్మ పెళ్లికి ముందంటారు ఆయన. కాదు, తర్వాతే అంటారు ఆయన భార్య. ముప్పయ్యేళ్లు పిల్లలకి చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని, మా గుడికి ముఖమేదో వీపేదో తెలియక నిలబడిపోయాను. నా మీద నాకే ఒళ్లు మండింది. అమ్మ ఉన్నన్నాళ్లూ ఒక్కసారైనా వెంటబెట్టుకెళ్లి చూపించమనలేదు.

రెండు గోడలకీ మూడో కిటికీ కింద సున్నం గీకించాను. ఇక్కడా ఒక చెయ్యి, అక్కడా ఒక చెయ్యి. నా అరచెయ్యి ఆనించి చూస్తే రెండింట్లోనూ సరిపోయింది.

"ఏదండీ మీది?" అన్నాడు మేస్త్రి.

ఉత్తరం గోడ ఎలాగూ ఉంటుంది. చెరువు గట్టు పాలయ్యేది ఇదే. "ఇదే తియ్యి బాబూ" అన్నాను, ఏమీ తేల్చుకోకుండానే.

ఇప్పుడది మా ముందుగదిలో ఉంది. దుమ్ము తుడిచినప్పుడల్లా "అమ్మమ్మా" అనబోయి ఆగిపోతాను. ఈవిడ తాలూకు వాళ్లెవరైనా వచ్చి అడిగితే ఇచ్చెయ్యాలి. ఇస్తానో లేదో నాకే తెలియదు.