ఏ దేశానికీ చెందని పొగ: చిక్కడపల్లిలో ఒక రోజు

సముద్రం గురించి తెలుసుకోవడానికి హైదరాబాద్ వెళ్లానంటే ఎవరైనా నవ్వుతారు. నిజానికి నేను వెళ్లింది పెళ్లిచూపులకు. అది 1998, చలి ఇంకా పూర్తిగా పోలేదు. అప్పుడు నేను ఒక సరుకు ఓడలో థర్డ్ ఇంజినీర్‌ని. ఆస్ట్రేలియా బొగ్గు దింపడానికి మా ఓడ విశాఖ రేవుకు వచ్చింది. నాలుగైదు రోజులు పడుతుందని తెలియగానే నారాయణగూడలో ఉండే మా విమలక్కకు ఫోన్ చేశాను. "అయితే రాత్రి రైలెక్కి రా. చిక్కడపల్లిల మంచి సంబంధం ఉన్నది. ఇది గూడ పోతే ఇగ నేను వెతుకుడు బంద్," అంది. బెదిరింపు కాదు, విసుగు. ఏడాదిలో ముప్పాతిక భాగం నీళ్ల మీద ఉండేవాడికి పిల్లనివ్వడానికి ఎవరు ముందుకొస్తారు? అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. నాకూ ముప్పై దాటింది. ఈసారైనా కుదిరితే బాగుండునని లోపల గట్టిగానే ఉంది.

సికింద్రాబాద్‌లో దిగేసరికి ఉదయం ఏడు కావస్తోంది. స్టేషన్ బయటే సిటీ బస్సులు ఉంటాయి, టికెట్టు రెండు మూడు రూపాయలు. కానీ ఇస్త్రీ చొక్కా నలిగిపోతుందని ఆటో ఎక్కాను. ముషీరాబాద్ మీదుగా ఆర్టీసీ క్రాస్ రోడ్స్, అక్కణ్ణుంచి చిక్కడపల్లి మెయిన్ రోడ్డు, చివర నారాయణగూడ. పొద్దున్నే కాబట్టి అరగంట ప్రయాణం, మీటరు మీద పాతిక రూపాయల లోపే అయింది. ఏం పని చేస్తావని డ్రైవర్ అడిగితే ఓడ మీద ఇంజినీర్‌నని చెప్పాను. వెనక్కి తిరిగి నన్ను తేరిపార చూశాడు. "హుస్సేన్ సాగర్‌ల ఏమన్న ఓడ దింపుతున్నరా అన్నా? ఈ ఊర్ల నీకేం పని?" అన్నాడు. పెళ్లిచూపులని చెప్పగానే హారన్ రెండుసార్లు మోగించి, "జర పైలం మరి!" అని నవ్వాడు.

అక్క ఇంట్లో స్నానం చేసి, టీ తాగి, పదింటికల్లా చిక్కడపల్లి చేరాం. ఆ ఇల్లు పెద్ద గల్లీ నుంచి చిన్న గల్లీలోకి తిరిగాక వస్తుంది. పాతకాలపు కట్టడం. నాలుగు పోర్షన్లు, మధ్యలో వాకిలి, వాకిట్లో ఒక మూల అందరికీ కలిపి నీళ్లు కాచే ఒకే ఒక పెద్ద రాగి బాయిలర్. మేం అడుగుపెట్టేసరికి అది గుప్పుగుప్పున పొగ వదులుతోంది. మేడ మీంచి ఒకావిడ, "పొగంత నా బట్టలకే! కట్టె పెట్టెటోళ్లు జర ఎండిన కట్టె పెట్టరాదుండ్రి?" అని అరుస్తోంది. సముద్రపు గాలికి అలవాటుపడిన నాకు కళ్లు మండి నీళ్లు కారాయి. పెళ్లికొడుకు ఏడుస్తూ వచ్చాడని ఎవరో పిల్లలు నవ్వారు.

అమ్మాయి పేరు సుజాత. వాళ్ల నాన్న రామచందర్ గారికి సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణం. ఆమె అశోక్ నగర్‌లో పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు భూగోళశాస్త్రం చెబుతోంది. ఉప్మా, లడ్డూలు అయ్యాక, ఏమైనా అడుగుతావా అమ్మా అని రామచందర్ గారు కూతురివైపు చూశారు. జీతం గురించో, సెలవుల గురించో అడుగుతుందనుకున్నాను.

"మీ ఓడల రోజుకు ఎంత ఆయిల్ కాలుతది?" అంది.

"ముప్పై టన్నుల దాక."

"ఆ పొగ ఏ దేశం లెక్కల రాస్తరు?"

ఇలాంటి ప్రశ్నలకు ఓడవాళ్ల దగ్గర ఒక సరదా జవాబు ఉంటుంది. నేనూ అదే అందుకున్నాను. "మా యజమాని గ్రీసు ఆయన. ఓడ రిజిస్ట్రేషన్, జెండా పనామావి. ఆయిల్ పోసుకునేది సింగపూర్‌ల. బొగ్గు ఆస్ట్రేలియాది, దింపేది వైజాగ్‌ల, నడిపేది మేము. అంటే ఆ పొగ ఎవలిదీ కాదు!" అని హాయిగా నవ్వాను. రామచందర్ గారు కూడా నవ్వారు. సుజాత నవ్వలేదు. ఖాళీ ప్లేట్లు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. "సాయంత్రం కబురు చేస్తం," అన్నారు వాళ్ల నాన్న మర్యాదగా. ఆ మర్యాద ఎలాంటిదో రెండు సంబంధాల అనుభవంతో నాకు తెలుసు.

గల్లీ దాటకముందే అక్క అందుకుంది. "ఇజ్జత్ తీసినవ్ గదరా! పిల్ల సవాల్ అడిగితె సీదా జవాబ్ చెప్పొద్దా?"

"సీదా జవాబ్ నాకే తెల్వదక్కా," అన్నాను.

నిజంగానే తెలియదు. ఎనిమిదేళ్లుగా ఆ ఇంజిన్ల మధ్యే బతుకుతున్నాను, ఎన్నడూ ఆ ప్రశ్న నాకు తట్టలేదు. మెయిన్ రోడ్డు మీద కేంద్ర గ్రంథాలయం కనబడగానే లోపలికి నడిచాను. పెళ్లిచూపులకొచ్చి లైబ్రరీకి పోయేటోణ్ణి నిన్నే చూసిన అని తిట్టుకుంటూ అక్క ఇంటికి వెళ్లిపోయింది.

ఆ గ్రంథాలయం గురించి చెప్పాలి. పేపర్ల హాల్లో అడుగు పెట్టడానికి చోటు లేదు, చప్పుడూ లేదు. ఉద్యోగాల కోసం చదివే కుర్రాళ్లు, పింఛను తీసుకునే పెద్దమనుషులు, మధ్యాహ్నం ఎండకు నీడ చూసుకునే మేస్త్రీలు, అందరూ ఒకే బెంచీ మీద. పాత పేపర్లు కావాలంటే సిబ్బందిలో ఒకరు లోపల్నుంచి కట్ట తెచ్చి ఇచ్చారు. అంతకుముందు డిసెంబర్‌లో జపాన్‌లోని క్యోటోలో భూమి వేడెక్కడం మీద దేశాలన్నీ కూర్చుని చేసుకున్న ఒప్పందం గురించి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వచ్చినవన్నీ చదివాను. ఒక పత్రికలో పెద్ద వ్యాసం దొరికింది. దేశాల నుంచి దేశాలకు తిరిగే ఓడలకు అమ్మిన ఇంధనాన్ని ఏ దేశం మొత్తంలోనూ కలపరట. పక్కన విడిగా చూపిస్తారట. తగ్గించే దారి వెతకమని ధనిక దేశాలకు చెప్పి, ఆ పనిని లండన్‌లో ఓడల వ్యవహారాలు చూసే అంతర్జాతీయ సంస్థ ద్వారా చేయమన్నారట. ఇంకో చోట, ఒక టన్ను ఆయిల్ కాలిస్తే గాలిలోని ఆక్సిజన్ కూడా కలిసి మూడు టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు అవుతుందని రాశారు. ముప్పై టన్నులు పోస్తే తొంభై దాటి బయటికి పోతోంది! మా ఒక్క ఓడ, ఒక్క రోజు. అలాంటి ఓడలు సముద్రాల నిండా తిరుగుతున్నాయి. నేను ఎంత పెద్దదానిలో పనిచేస్తున్నానో సముద్రం మధ్యలో ఎన్నడూ తెలియలేదు, ఈ జనం మధ్యలో తెలిసింది.

సాయంత్రం వరకు ఆగబుద్ధి కాలేదు. నారాయణగూడ వెళ్లి, అక్కను బతిమాలి వెంటబెట్టుకుని అశోక్ నగర్ చేరాను. గ్రంథాలయం నుంచైతే నడకే, పావుగంట. ఆ వీధి నిండా కోచింగ్ సెంటర్ల బోర్డులు, జిరాక్సు దుకాణాలు, మిర్చి బజ్జీ బండ్లు. నాలుగున్నరకు క్లాసు వదిలారు. సుజాత మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆగి, అక్కకు నమస్కారం పెట్టింది. చదివినదంతా గబగబా చెప్పేశాను.

"నాకు తెలుసు. క్లాసుల అదే చెప్తున్న," అంది. "తెల్వదంటె తప్పులేకుండె. ఎవలిదీ కాదని నవ్విండ్రు చూడుండ్రి, గదే నాకు నచ్చలే."

"ఓడలన్నిటికీ ఒకటే రూల్ పెట్టాలె అని కొందరంటరు," అన్నాను. "బీద దేశాల జెండా ఉన్న ఓడలను వదిలెయ్యాలె అని ఇంకొందరు. రెండూ సబబే అనిపిస్తున్నది."

"మా బాయిలర్ చూసిండ్రు గదా? నీళ్లు పట్టుకున్నోళ్లు కట్టె పెట్టాలె, గిదీ మా రూల్. పువ్వులమ్మే శాంతమ్మకు మాత్రం మాఫీ. గది చూసి ఎదురింటి బంగ్లాయన రోజూ పనిమనిషిని పంపి, శాంతమ్మకని చెప్పి బకెట్లు నింపుకపోయిండు. మీ యజమాని పనామా జెండా ఏసుకున్నట్టే!"

"మరి ఏం చేసిండ్రు?"

"పేరు అడుగుడు బంద్ చేసినం. బకెట్ ఎవలిదైనా కట్టె పడాల్సిందే. శాంతమ్మ బకెట్‌కు మేమే తలో కట్టె ఏస్తం. ఆమెకు సాయం అందుతది, ఆమె పేరు చెప్పుకునేటోనికి అందది."

క్యోటోలో అన్ని దేశాల పెద్దలు తేల్చలేక లండన్‌కు పంపిన చిక్కుముడిని నలుగురు అద్దెవాళ్లు ఒక వాకిట్లో విప్పుకున్నారు. దేశాల సంగతి వాకిలంత సులువు కాదని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా ఆ అమ్మాయి బజ్జీ బండి పక్కన నిలబడి చెబుతుంటే ఆశ్చర్యంతో అలా చూస్తూ ఉండిపోయాను. "ఓడ పని మాత్రం నేను విడువలేను," అన్నాను చివరికి, నిజం చెప్పడమే మేలని.

"విడువమని ఎవలన్నరు? ఏడేండ్ల సంది మ్యాపుల సముద్రం చూపిస్తున్న, కండ్లతోని ఎన్నడు చూడలే," అని అక్కవైపు తిరిగింది. "వైజాగ్‌కు ఏ రైలెక్కాలె అక్కా?"

బండి దగ్గర కొన్న బజ్జీ అక్క చేతిలో అలాగే ఉండిపోయింది.

ఆ లెక్క తేలడానికి దేశాలకు ఏళ్లూ పూళ్లూ పట్టింది, ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. పేపర్లో ఆ వార్త ఎప్పుడొచ్చినా మా ఇంట్లో ఇద్దరం ఒకేసారి తలెత్తుతాం. నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్ నగర్ మూడూ ఒక్క రోజులో తిరగాలనుకునేవాళ్లకు నా సలహా ఒక్కటే: పొద్దున్నే గ్రంథాలయానికి వెళ్లి పాత పేపర్లు కావాలని ముందే చెప్పండి, భోజనాల వేళ అయితే తెచ్చిచ్చేవాళ్లు దొరకరు. పెళ్లయ్యాక మొదటిసారి సుజాతను విశాఖ రేవుకు తీసుకెళ్లినప్పుడు ఆమె సముద్రంకేసి చూడలేదు. మా ఓడ కింద నిలబడి, మెడ వెనక్కి వాల్చి, పొగగొట్టంలోంచి లేచి కొండల మీదుగా పోతున్న నల్లటి పొగను కనబడినంత దూరం చూసింది. నేనూ చూశాను. అన్నేళ్లుగా నా పని కింద ఇంజిన్ రూంలోనే కాబట్టి, అంతసేపు దాన్ని చూడడం నాకూ అదే మొదలు. సుజాత నా చెయ్యి పట్టుకుని, "మీరు లోపలుంటరు, మీకు కానరాదు. బయట నిలవడి నేను చెప్తుంట తియ్యుండ్రి," అంది.