లెనోరా టీచర్ కాగితం

లెక్కల టీచరుగా రిటైరైన లెనోరా ప్రతి ఆదివారం దేశంలోని కాలేజీ ఫుట్‌బాల్ జట్లకు కంప్యూటర్లో ర్యాంకులు కట్టి, ఆ కాగితాన్ని అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని నా హోటల్ తలుపుకు అంటించేది. కంప్యూటర్‌కి స్కోర్లే ఇచ్చేది, జట్లకు పేర్ల బదులు నంబర్లు పెట్టేది.

పోయినేడు పత్రికలవాళ్లు ర్యాంకుల కోసం వేసే ఓట్లలో మా ఊరి కాలేజీకి ఇరవయ్యో స్థానం దక్కితే, ఆవిడ కాగితంలో ఐదోది వచ్చింది. ఊరంతా ఆవిడను నెత్తిన పెట్టుకుంది. ఆవిడ దగ్గరే చదివిన సెలూన్ నడిపే ఎల్డన్ 'ఆపిల్ పై' అనే తీపి వంటకం కూడా తినిపించాడు.

ఈ ఏడు మావాళ్లు మూడు ఆటలు ఓడారు. అయినా పాత పేరు చూసి పత్రికలవాళ్లు పన్నెండో స్థానమిచ్చారు. ఆవిడ కాగితంలో మాత్రం ముప్పై ఒకటి.

"మన కాలేజీయే కదా టీచర్, కాస్త పైకి జరిపితే మీ సొమ్మేం పోయింది?" అని ఎల్డన్ విరుచుకుపడ్డాడు. "ఆ కంప్యూటర్ డబ్బా ఏనాడైనా గ్రౌండ్ మొహం చూసిందా?"

"పోయినేడూ చూడలేదురా. అప్పుడు ఆపిల్ పై తినిపించావుగా?"

ఎల్డన్ కాగితం పర్రున చించేశాడు. ఆవిడ సంచిలోంచి ఇంకోటి తీసి అక్కడే అంటించింది.

"నిన్న వానలో తడుస్తూ మనవాళ్ల కోసం గొంతు పోయేలా అరిచింది నేను. నువ్వు ఇంట్లో సోఫాలో ఉన్నావు. అయినా ముప్పై ఒకటే."