బావమరిది ఈల

మొన్న ఆదివారం మనవరాలు తుపాకి శిక్షణ నుంచి మూతి ముడుచుకుని వచ్చి, గాల్లోకి ఎగరేసే మట్టి పళ్లేల్లో ఒక్కటీ పగల్లేదని, “హర్ బార్ పీఛే రహ్ జాతా హై, తాతా” అంటూ హిందీలోనే వాపోయింది. గుళ్లన్నీ పళ్లెం వెనకనుంచే పోతున్నాయట. నాకు నవ్వాగలేదు. పాపం, పిల్ల నొచ్చుకుంది గానీ, ఒకప్పుడు కారఖానా పక్కన బర్మామైన్స్ పేట సందుల్లో ఇదే మూతి పెట్టుకుని తిరిగిన నేనే గుర్తొచ్చాను నాకు.

అప్పట్లో నేను కారఖానాలో కొత్తగా క్రేన్ ఎక్కినవాణ్ణి. మా డిపార్ట్‌మెంటు షూటింగు జట్టులో ఒక చోటు ఖాళీ అయిందంటే పరుగెత్తుకెళ్లి పేరిచ్చాను. సరదా ఒక్కటే కాదు లెండి. పోటీనాడు ఆటగాళ్ల ఇంటివాళ్లకి ముందు వరసలో కుర్చీలు వేసేవారు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఆ పోటీలు జరిగే మైదానంలోనే గడ్డి కోసి మమ్మల్ని పెంచిన మనిషి. అక్కడ ఒక్కపూటైనా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి చూసుకోవాలని నా పట్టుదల.

తీరా దిగాక ఒక్క పళ్లెమూ తగిలేది కాదు. జోడు గొట్టాల తుపాకి భుజానికి ఆనించి, ఎగిరే పళ్లెంతో పాటు గొట్టాన్ని తిప్పుతూ, దాన్ని కాస్త దాటించి, పేల్చాక కూడా చెయ్యి ఆపకూడదని మాకు నేర్పే రిటైరైన సుబేదారుగారు గొంతు చించుకునేవారు. నేనేమో పేల్చే క్షణానికి ఠక్కున ఆపేసేవాణ్ణి. అదంతా క్రేన్ నేర్పిన బుద్ధి. కొక్కేనికి వేలాడే బరువు ఊగి ముందుకు పోతుంది కనుక, చేరవలసిన చోటుకి ముందే బ్రేకు వెయ్యడం మాకు ఒంటికి పట్టేసిన అలవాటు. ఎంపిక రోజున కూడా తగలకపోతే ఆ చోటు మరొకరికి ఇచ్చేస్తానని ఆయన తేల్చి చెప్పేశారు.

నా బావమరిదిది నా క్రేన్ కిందే పని, బరువులకు గొలుసులు తగిలించి ఈలతో నన్ను నడిపేవాడు. ఆ ఈల వినబడినంతసేపూ క్రేన్ సాగాలి, ఆగితేనే బ్రేకు. ఎంపిక రోజున వాడు సాక్చి బజారులో కొన్న జిలేబీ పొట్లంతో వచ్చి, నా వెనక నిలబడి, వరసగా రెండు పళ్లేలు తగలకుండా పోవడం చూసి, “ఏటి బావా, అప్పుడే ఆపేత్తన్నావేటి? నానూదినంతసేపూ పోనీ” అన్నాడు. తరువాతి పళ్లెం ఎగరగానే ఈల మొదలైంది. అంతే, ఆ ఈల ఆగేదాకా నా చెయ్యి తిరుగుతూనే ఉంది, పళ్లెం గాల్లోనే పొడిపొడి అయిపోయింది. తక్కినవాళ్లు గోల పెడితే సుబేదారుగారు నవ్వాపుకుంటూ ఈల వద్దన్నారు. మిగిలినవాటికి ఆ ఈలని మనసులోనే వింటూ పేల్చాను. చోటు నాకే దక్కింది.

పోటీనాడు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కుర్చీ అంచున ఒదిగి కూర్చున్నాడు. మేమేమీ గెలవలేదు లెండి. ఇంటికొస్తూ దారిలో నా గురి సంగతి ఎత్తకుండా, “ఆ మూల గడ్డి సరిగ్గా కొయ్యనేదురా” అన్నాడు. ఆయనకు అంతకంటే సంతోషం చెప్పడం రాదు, నాకు తెలుసు. ఆ రోజంతా నేను నేలమీద నడవలేదంటే నమ్మండి.

ఇప్పుడు కిందనుంచే మీటలు నొక్కి క్రేన్లు నడుపుతున్నారట, ఈల ఊదే మనిషితో పని లేదు. నాన్న పోయాడు, ఆ తరువాత బావమరిదీ పోయాడు. నిన్న మనవరాలి వెంట మైదానానికి వెళ్లి, దాని వెనక నిలబడి ఈల వెయ్యబోతే కట్టుడు పళ్ల సందుల్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. చేసేది లేక “పోనీ, పోనీ, పోనీ” అని కేక పెట్టాను. పళ్లెం పగిలింది. పిల్ల గిర్రున వెనక్కి తిరిగి, ఆ సంబరంలో హిందీ సంగతే మరిచిపోయి, “ఇంకోసారి అను తాతా” అంది. “పోనీ” అన్నాను మళ్లీ. అచ్చం మా బావమరిది అన్నట్టే వినబడింది నాకా మాట.