గర్భసంచి ఆపరేషన్ అని చెప్పుకున్నాం

మా మేనత్త పోయిందని పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున నాయన ఫోన్ చేశాడు. తెల్లవారుతుండగా నెత్తురు కక్కుకుందట. ఇస్నాపూర్ నుంచి సంగారెడ్డి ఆసుపత్రికి జీపులో తెస్తుంటే దారిలోనే ప్రాణం పోయిందట. ఊళ్లో అందరూ ఆమె రాత అట్లా ఉందని సరిపెట్టుకున్నారు. నాకు మాత్రం ఆ మాట మింగుడు పడలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసేది. లారీల్లో వచ్చిన డ్రమ్ములను కాంటా మీదికి ఎక్కించి, ఉత్త డ్రమ్ము బరువు తీసేసి, లోపలి సరుకు బరువు రాయాలి. మనుషుల మీద ఎవరైనా చాడీ మోసుకొచ్చినా ఆమె అదే లెక్క చెప్పేది. "డబ్బా బరువు తీసేసి జూడాలె బిడ్డా, గప్పుడే లోపల ఎంతున్నదో ఎరుకైతది" అనేది. ఆమెను మాత్రం ఎవరూ అట్లా చూడలేదు. కట్టుకున్నవాడు మరో మనిషిని తెచ్చుకుని ఈమెను వదిలేశాడు. ఆ తర్వాత మా ఇంటి పక్క గదిలోనే ఉండేది. నాకు జడ వేసింది, కాలేజీ ఫారాలు నింపేటప్పుడు పక్కన కూర్చుంది, నాకు జ్వరం వస్తే డ్యూటీ మానేసింది.

బాగా లావు మనిషి. తిండి ఇష్టమే, అబద్ధమెందుకు? కానీ ఆమె కంటే ఎక్కువ తిని పుల్లలా ఉన్నవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. ఇస్నాపూర్ చౌరస్తాలో షేర్ ఆటోవాళ్లు ఆమెను చూసి కూడా ఆపకుండా పోయేవారు. ఆమె ఏమీ అనేది కాదు, కొంగుతో మొహం తుడుచుకుని తర్వాతి ఆటో కోసం చూసేది. షుగరు వచ్చింది, మోకాళ్లు పోయాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆగేది కాబట్టి గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. పథ్యాలూ నడకలూ ఏళ్ల తరబడి చేసి చూసింది. చివరికి ఎవరో హైదరాబాదులో ఆపరేషన్ ఉందని చెప్పారు. ఫోన్ చేస్తే ముందు బరువెంతో చెప్పమన్నారు. పటాన్‌చెరులో డాక్టరు దగ్గర మిషన్ ముల్లు చివరిదాకా పోయి ఆగిపోయింది. నన్ను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లి, అందరూ అన్నానికి పోయిన వేళ తన డ్రమ్ముల కాంటా తనే ఎక్కింది. నూట నలభై మూడు కిలోలు. అరచేతిలో రాసుకుని, పిడికిలి బిగించి దిగింది.

ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది నేనే కాబట్టి ఆసుపత్రికి ఆమె వెంట నేనే వెళ్లాను. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. ఒక పద్ధతిలో కడుపు పైభాగానికి పట్టీ వేసి బిగిస్తారు, కావాలంటే తర్వాత తీసేయవచ్చు. ఇంకో పద్ధతిలో కడుపు పైన చిన్న సంచిలా చేసి పేగును దానికి కలుపుతారు, షుగరుకు అదే మేలు. పట్టీ అయితే మాటిమాటికీ వచ్చి సరిచేయించుకోవాలి, ఫ్యాక్టరీలో సెలవు ఎవరిస్తారని అత్తమ్మ రెండోదే ఒప్పుకుంది. బల్ల మీదనే పోతానా అని అడిగింది. ఆ భయం కొంచెం ఉంటుందని, ఇట్లాగే ఉంటే అంతకంటే ఎక్కువ ఉందని డాక్టరు దాచకుండా చెప్పాడు. పాశమైలారంలో ఫ్యాక్టరీలకు పోయిన పొలం మీద ఆమెకు వచ్చిన డబ్బు అంతా దానికే పోయింది.

డిశ్చార్జి రోజు ఇచ్చిన కాగితం బస్సులో రెండుసార్లు చదివి వినిపించాను. జన్మంతా విటమిన్, ఐరన్ బిళ్లలు వేసుకోవాలి. కొంచెం కొంచెం తినాలి, బాగా నమలాలి. ఒళ్లు నొప్పుల మాత్రలు ముట్టకూడదు, వాటితో కొత్త కడుపులో పుండు పడుతుంది. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు ఈ ఆపరేషన్ సంగతి చెప్పాలి.

ఆ చెప్పడమే మాకు చేతకాలేదు. తిండి ఆపుకోలేక కడుపు కోయించుకుందని నలుగురూ నవ్వుతారని నాయన భయం. "గర్భసంచి తీసిన్రని జెప్పుర్రి, ఎవడు ఏమడుగడు" అన్నాడు. నిజమే, ఎవరూ అడగలేదు. మా వైపు ఆడమనిషికి ముప్పై అయిదు దాటాక గర్భసంచి తీశారంటే, పన్ను పీకించుకున్నంత మామూలు సంగతి. మా ఊరి సిగ్గుకు ఆ ఆపరేషన్ అంత బాగా అక్కరకొచ్చింది.

రెండేళ్లలో మనిషి సగమైంది. ఆటోలు ఆగాయి. అన్నేళ్లు కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టిన మనిషి మొదటిసారి ఆడవాళ్లతో కలిసి బతుకమ్మ ఆడింది. ఆ రోజు ఆమె మొహం చూసినవాళ్లెవరూ ఆ కడుపు ఆపరేషన్ దండుగ అనలేరు. లావుగా ఉన్నప్పుడు నవ్విన నోళ్లే ఇప్పుడు ఏదో చెడ్డరోగం తగిలిందని గుసగుసలాడాయి. కొండాపూర్ వైపు ఒక పెళ్లిలో చుట్టాలు బలవంతంగా మాంసం వడ్డించి, తినేదాకా లేవనివ్వలేదు. "కడుపుల జాగ లేదు గానీ మనసుల శానున్నది" అని నవ్వింది. తర్వాత గోడ వెనక్కి పోయి కక్కుకుని, మూతి తుడుచుకుని వచ్చి, కూర మంచిగ కుదిరిందని ఆ ఇల్లాలికి చెప్పింది. నేను నీళ్లచెంబు పట్టుకుని నిలబడ్డాను, అంతే.

మొన్న వానల్లో మోకాళ్ల నొప్పి మళ్లీ మొదలైంది. నేను ఇస్నాపూర్ వచ్చి ఉన్నాను కాబట్టి వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి తోడు వెళ్లాను. చెడ్డవాడు కాదు. ఇదివరకు ఏమన్నా ఆపరేషన్ అయ్యిందా అని అడిగాడు కూడా. బెంచీ మీద మా వాడకట్టు ఆడవాళ్లు నలుగురు కూర్చుని వింటున్నారు. అత్తమ్మ నా వైపు ఒకసారి చూసి, గర్భసంచిది అయ్యిందని చెప్పింది. నేను నోరు మెదపలేదు. ఆయన నెల రోజులకు నొప్పి మాత్రలు రాసిచ్చాడు. బయటికి వచ్చాక, ఆ కాగితంలో వద్దని ఉంది కదా అన్నాను. "ఏడేండ్లాయె, ఇప్పుడేం గాదు తియ్యి. నడుస్తెనే గద డ్యూటీ" అంది. సరేలే అనుకున్నాను. సంగారెడ్డిలో నా ఇంటికి, నా పిల్లల దగ్గరికి వెళ్లిపోయాను.

పోయే రెండు రోజుల ముందు, దొడ్డికి నల్లగా పోతోందని ఫోన్‌లో చెప్పింది. ఐరన్ బిళ్లల వల్ల కావచ్చులే అన్నాను. పోయాక హైదరాబాదు డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయన మొదట అడిగింది ఒక్కటే, నొప్పి మాత్రలు వాడిందా అని. వాడిందని చెప్తే, ఆ నలుపు కడుపులో పుండు నుంచి కారిన నెత్తురన్నాడు. ఆపరేషన్ ఆమెకు ఏడేళ్ల బతుకు ఇచ్చింది. మా పరువు ఆమెను తినేసింది. అందులో నాయన పాలెంతో నా పాలూ అంతే, చదువుకున్నదాన్ని కాబట్టి ఒక పిడికెడు ఎక్కువే.

మూడోనాడు పిట్టకు పెట్టాం. చనిపోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి, లేదంటే వాళ్ల మనసులో ఏదో మిగిలిందని అర్థం. నాయన మాంసం, కోడికూర, గారెలు, గుడ్లు కుప్పగా పోశాడు. కాకులు గోడ మీదే ఉన్నాయి, దిగలేదు. ఏం మనసులో పెట్టుకుని పోయిందో అని ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. నాయన చేతులు జోడించి ఏవేవో మొక్కులు మొక్కుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అత్తమ్మ గంత తినదు నాయినా. ఆమెది గర్భసంచి ఆపరేషన్ గాదు. కడుపు చిన్నగ జేసిన్రు" అన్నాను.

నాయన తల దించుకున్నాడు. వెనక నిలబడ్డ ఆర్‌ఎంపీ డాక్టరు మాత్రం రెండడుగులు ముందుకు వచ్చాడు.

"నేనడిగిన గద బిడ్డా. గా దినం నువ్వు పక్కనే ఉంటివి గద" అన్నాడు.

విస్తరి ముందు కూర్చుని ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాను. మాంసం తీశాను, గారెలు తీశాను, అన్నం కూడా చాలావరకు తీశాను. ఎవరూ వద్దనలేదు. ఆమెకు పట్టే మూడు ముద్దలు మాత్రం మిగిలాయి, అంత పెద్ద విస్తట్లో ఒక మూలకు.